మామిడిపండు ముట్టని మేడమ్

మా కౌన్సిలింగ్ మేడమ్ పోయారు. మే నెలలో, మా తోటలో మామిడి కోతలు ముమ్మరంగా ఉన్న రోజున, ఆవిడ దగ్గర పనిచేసే అమ్మాయి ఫోన్ చేసింది. గురువారం రావద్దని, తెల్లవారుజామున గుండెపోటు వచ్చిందని చెప్పింది. ఉన్నమాట చెబుతున్నాను, నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. రెండేళ్ళుగా ప్రతి గురువారం మా అమ్మాయిని బండి మీద ఎక్కించుకుని రెడ్డిగూడెం నుంచి నూజివీడు తిరుగుతున్నాను. పిల్ల నాతో ఇంకా ఒక్క మాటైనా మాట్లాడలేదు. పని సగంలో వదిలేసి వెళ్ళిపోతే ఎలాగండీ అని, చెట్టుకింద నిలబడి, పోయిన మనిషితో పోట్లాడాను.

ఆవిడ ఉన్నప్పుడు మాత్రం పోట్లాట లేనిదెప్పుడు? ఎరువుల కొట్టు మీద మేడగది ఆవిడది. నడివేసవిలో కూడా ఫ్యాన్ వేయనిచ్చేవారు కాదు, ఆ చప్పుడు తలలోకి దూరుతుందట. మనతో మాట్లాడుతూ గోడకేసి చూస్తారు. రండి, కూర్చోండి అనడం ఉండదు, మంచినీళ్ళివ్వాలని తోచదు. మనం అయిదు నిమిషాలు ఆలస్యమైతే మాత్రం ఆ పూటంతా తేరుకోలేరు. ముందు ఈవిడకే ఎవరైనా వైద్యం చేయాలని మా ఆవిడతో ఎన్నిసార్లన్నానో లెక్కలేదు.

ఆ గదికి వెళ్ళాల్సి రావడానికి కారణం నేనే. మా అమ్మాయిది చిన్నప్పటినుంచీ ఒక తీరు. చుట్టాలొస్తే గదిలోకి పోయి తలుపేసుకుంటుంది. పెళ్ళిళ్ళలో చెవులు మూసుకుంటుంది. మేం దాన్ని పొగరనుకున్నాం. ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో వేస్తే తిండి మానేసి మూడు నెలలకే తిరిగొచ్చేసింది. ఆ తర్వాతి వేసవిలో మా బావగారు వచ్చారు. రసం మామిడిపళ్ళ కాలంలో మా గుమ్మం తొక్కినవాళ్ళు పండు తినకుండా కదలకూడదు, ఇంట్లోవాళ్ళూ పక్కన కూర్చుని తినాలి. మా పిల్ల బుద్ధెరిగాక రసం ముట్టలేదు. ఆ పీచు, ఆ జిగురు నోటికి పడవంటుంది. ఇంత తోట ఉండి కూతురికి పండు తినడం నేర్పలేదా అని బావగారు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. పండు పిసికి, పిల్ల దవడ పట్టుకుని నోట్లో పిండాను. అందరిముందూ కక్కేసింది. చెంప మీద ఒక్కటి కొట్టాను. ఆ రోజు నుంచి అది వాళ్ళమ్మతో మాట్లాడుతుంది గానీ నన్ను నాన్నా అని పిలవలేదు.

తెలిసినవాళ్ళు చెబితే, మా ఆవిడా నేనూ పిల్లని తీసుకుని మేడమ్ దగ్గరికి వెళ్ళాం. వట్టి చేతులతో వెళ్ళడం మర్యాద కాదని చిన్నరసాలు ఒక బుట్టెడు పట్టుకెళ్ళాను. మామిడిపళ్ళకి పేరుబడ్డ నూజివీడుకే మామిడిపళ్ళు మోయడం, మా వైపు వాళ్ళు తప్ప ఇంకెవరూ చేయని తెలివితక్కువ పని. మేడమ్ బుట్ట చూసి కుర్చీతో సహా వెనక్కి జరిగారు. మెట్ల కింద పెట్టి రమ్మన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా తోట పండు కోసం జనం కబురు మీద కబురు పెడతారు, ఈవిడకైతే అది మెట్ల కిందకి పోవాలి! తిట్టుకుంటూ దిగి, పెట్టి, మళ్ళీ పైకొచ్చేసరికి మేడమ్, మా పిల్ల ఎదురెదురుగా కూర్చుని చెరో గోడా చూస్తున్నారు. మా పిల్ల మొహంలో నవ్వులాంటిది ఉంది. అది చూసి ఎన్నాళ్ళయిందో నాకు.

జరిగిందంతా మా ఆవిడ చెప్పాక, మేడమ్ గోడతో చెప్పినట్టు నాతో చెప్పారు. "మాది జి. కొండూరండీ. మా నాన్నగారూ ఇలాగే నోట్లో పిండేవారు. ఈ చదువు చదివి, నలభై దాటాక, నాకున్నది ఆటిజమని ఇంకో డాక్టరుగారు చెప్పారు. అప్పటిదాకా నాది పొగరనే నేనూ అనుకున్నాను." గోడకేసే చూస్తూ, "మా నాన్నగారు పోయేదాకా ఆయనతో సరిగ్గా మాట్లాడలేదండీ" అన్నారు.

అయినా నా నోరు ఊరుకుంటుందా, పిల్లని బాగుచేయండి అన్నాను. పిల్ల బాగానే ఉంది, మీకు పని చెబుతాను అన్నారు. నెలరోజుల పాటు పిల్లని ఒక్క ప్రశ్న కూడా అడగకూడదట. తిన్నావా, పడుకున్నావా, ఏం చేస్తున్నావు, ఏదీ! నేను దారినపోయే కుక్కని కూడా ఏంట్రా అని పలకరించే మనిషిని. ఇంటికి ఎవరైనా వస్తుంటే ముందురోజే కాగితం మీద రాసి పిల్ల బల్ల మీద పెట్టాలి. ఇంతోటి దానికి డబ్బులిచ్చి నూజివీడు రావాలా అని సణుక్కుంటూనే రాశాను. పిల్ల కూడా కాగితం వెనక జవాబు రాయడం మొదలుపెట్టింది. మాట మాత్రం లేదు. ఎప్పుడు మాట్లాడుతుందని ప్రతి గురువారం అడిగేవాణ్ణి. "తొందర మీదండీ, ఆ అమ్మాయిది కాదు" అని ప్రతి గురువారం అదే జవాబు.

ఒకసారి తోటల్లో కూలికి వెళ్ళే ఒకావిడ గదిలోకి రాలేక మెట్ల మీదే కూలబడిపోయింది. మేడమ్ వెళ్ళి రెండు మెట్లు పైన కూర్చున్నారు. గంటసేపు ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. మా టైమంతా పోయిందని నేను గొణుగుతుంటే, తిరిగొచ్చి, "నాకూ గదులు పట్టని రోజులుంటాయండీ" అన్నారు. ఈవిడకి మన బాధ పుస్తకంలో చదివి తెలిసింది కాదని నాకు ఆ రోజు బుర్రకెక్కింది. కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. పెడితే మళ్ళీ కుర్చీ వెనక్కి జరుపుతారని పెట్టలేదు.

పెద్దకర్మకి నేనూ వస్తానని మా అమ్మాయి కాగితం మీద రాసిచ్చింది. వెళ్ళాం. జి. కొండూరులో మేడమ్ పుట్టింటి ముందు మైకులో పాటలు, ఇసకేస్తే రాలనంత జనం. ఫోటో ముందు చూద్దును కదా, పెద్ద పళ్ళెం నిండా రసాలు! మా చెల్లికి ప్రాణమండీ అని వాళ్ళన్నయ్య వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు. చిర్రెత్తుకొచ్చి, ఆవిడ జన్మలో ముట్టలేదు కదయ్యా అన్నాను. పోయినవాళ్ళకి ఏం తెలుస్తుంది, పద్ధతి పద్ధతే అన్నాడు. అచ్చం నా మాటలే. పోయి పంక్తిలో కూర్చున్నాను.

విస్తట్లో రసం పిండుకుని అన్నంలో కలుపుతున్నాను. వెనకాల ఎవరో నిలబడ్డారు. చూస్తే మా పిల్ల. చెవులు రెండూ గట్టిగా మూసుకుని ఉంది.

"నాన్నా, ఇక్కడ నావల్ల కాదు. వెళ్దాం" అంది.

పంక్తి మధ్యలో లేవడమంటే మా వైపు ఆ ఇంటిని అవమానించడమే. పక్క విస్తట్లో, ఆ ఊరివాళ్ళే అయిన మా బావగారు చెయ్యి ఆపి నాకేసి చూస్తున్నారు. లేచాను. చెయ్యి కడుక్కునే చోటు మైకు పక్కనే ఉందని అటు వెళ్ళకుండా ఎంగిలి చేత్తోనే బయటికి నడిచాను. అయ్యో, కూర్చోండని వెనకనుంచి పిలుస్తూనే ఉన్నారు.

బండి దగ్గరికొచ్చాం. వేళ్ళనిండా రసం, పీచు, మెతుకులు. పిల్ల సంచీలోంచి నీళ్ళసీసా తీసింది. చేతిని ఎంత చాపగలదో అంత దూరం చాపి, మొహం పక్కకి తిప్పుకుని, నా చెయ్యి శుభ్రమయ్యేదాకా నీళ్ళు పోసింది.