గోమ్లి పేరు రాసిన పదిహేడు కాగితాలు

పోలింగ్ రోజు కూడా గోమ్లి పొద్దున ఐదున్నరకే నీళ్లు వదిలింది. ఎల్లారెడ్డికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలోని ఆ తండాలో తొమ్మిదేళ్లుగా నల్లా వాల్వు తిప్పేది ఆమే. ఎండాకాలం బోరు సన్నబడితే ఇంటికి నాలుగు బిందెలని వంతు పెట్టేదీ ఆమే. సొంత ఆడబిడ్డకైనా ఐదో బిందె ఇచ్చింది లేదు. అందుకే ఈసారి వార్డు మెంబరుగా నిలబడమని ఆడవాళ్లంతా పట్టుబట్టారు.

నామినేషన్ల పరిశీలన రోజు అధికారి కాగితాలు తిరగేసి, "పంచాయతీల జీతం తీసుకుంటున్నవా అమ్మా?" అని అడిగాడు.

"తీసుకుంటున్న సారూ. నీళ్లిడిసేది నేనే. అందుకే గదా నన్ను నిలబడుమన్నరు."

"అయితే చెల్లదు. పంచాయతీ పనిల ఉన్నోళ్లు పోటీ చెయ్యొద్దు. ముందే రాజీనామా చేసి రావాల్సి ఉండె."

అప్పీలుకని ఎల్లారెడ్డి ఆర్డీవో ఆఫీసుకు పోయింది. అక్కడా అదే మాట. చివరికి బరిలో ఇద్దరు మిగిలారు. ఒకరు ట్రాక్టరున్న భీమ్‌సింగ్, మరొకరు బట్టలు కుట్టే జమున. గెలిస్తే వాల్వు పని తన బావమరిదికి ఇప్పిస్తానని భీమ్‌సింగ్ కిరాణా కొట్టు ముందు నిలబడే చెప్పాడు. గోమ్లి పనిని ఎవరూ ముట్టుకోరని జమున మాటిచ్చింది. కాబట్టి గోమ్లి పేరు పోటీలో లేకపోయినా, ఆమె బతుకుతెరువు పోటీలోనే ఉంది.

పోలింగ్‌కు ముందురోజు మధ్యాహ్నం మహిళా సంఘంలో పెద్దావిడ రుక్మాబాయి ఇంటి ముందు ఇరవైమంది ఆడవాళ్లు కూర్చున్నారు. వాళ్ల సంఘంలో ఏటా లీడర్ని ఎన్నుకునే తీరు ఒకటుంది. తలా ఒక చీటీ ఇస్తారు. నచ్చిన మనిషి పేరు రాసి స్టీలు డబ్బాలో వేస్తారు. ఏటా నెగ్గేది గోమ్లే, అందుకే సంతకం తప్ప మరేమీ రాయడం రానివాళ్లు కూడా గోమ్లి పేరు మాత్రం రాయడం నేర్చుకున్నారు.

"మొన్నటి ఓట్లల్ల మిషిన్ ఉండె, ఏం చెయ్యరాకపాయె," అంది రుక్మాబాయి. "ఈసారి కాయితమే గదా. మెంబరు కాయితం మీద పేర్లే ఉండయంట, గుర్తులే ఉంటయంట. పేరు మనమే రాయాలె."

పంచాయతీ బ్యాలెట్ మీద గుర్తులే ఉంటాయన్నది నిజం. కానీ ఆ గుర్తు మీద ముద్ర గుద్దడం తప్ప ఇంకేం చేసినా ఓటు పోతుందని ఆర్డీవో ఆఫీసు గుమాస్తా గోమ్లికి విడమరిచి చెప్పాడు. పోయేవన్నీ జమునకు రావలసినవే.

"రాయకుండ్రి యాడీ," అంది, తండాలో అమ్మను పిలిచే పిలుపుతో. "రాసిన కాయితం తీసి పక్కన పడేస్తరు."

"ఎవడు పడేస్తడు? మన సంగంల ఎన్నడన్న పడేసినమా?"

"సంగం వేరు. ఆడ డబ్బ మనది, లెక్క మనది."

"సిగ్గుపడుతున్నది సూడు!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. "పెండ్లిల గూడ గింత సిగ్గుపడలే."

అందరూ నవ్వారు. నవ్వు ఆగాక రుక్మాబాయి సూటిగా అడిగింది. "మరి ఎవరికి గుద్దాలెనో నువ్వే చెప్పు."

గోడ పక్కన భీమ్‌సింగ్ మనిషి ఫోను పైకెత్తి వీడియో తీస్తూ నిలబడ్డాడు. పంచాయతీ జీతం తీసుకునే మనిషి ఫలానావాళ్లకు వెయ్యమందంటే, గెలిచేది ఎవరైనా ఉద్యోగం పోతుంది. గోమ్లి ఆ ఫోను వైపు చూసి, "మీ ఇష్టం," అంది.

అదే పొరపాటైంది. 'మీ ఇష్టం' అంటే రాయమన్నట్టేనని వాళ్లు అనుకున్నారు.

పోలింగ్ రోజు రెండింటికి, ఓట్లు వేసిన బడిలోనే లెక్కింపు మొదలైంది. మూడున్నరకు జమున బయటికొచ్చి గోమ్లి పక్కన కూలబడింది. "మూడు ఓట్లతోని పోయినక్కా. నీ పేరు రాసినయి పదిహేడున్నయి. సారు ఒక్కొక్కటి పైకెత్తి చూపించి అవతల పెట్టిండు."

మర్నాడు పొద్దున భీమ్‌సింగ్ వాల్వు దగ్గరికే వచ్చాడు.

"అయి చెల్లినా నీకు మూడో నంబరే గదనే," అన్నాడు.

"అవునన్నా. నేను మూడోదాన్నే. అయి జమునకు పడలేదనే నువ్వు మొదటోనివైనవు."

పదిహేడు ఇండ్ల ఆడవాళ్లు ఎవరెవరో తండాలో అందరికీ తెలుసు. భీమ్‌సింగ్‌కు కూలికి వచ్చేది వాళ్లే, నాట్లు ఇంకో నెలలో ఉన్నాయి. కొత్త పాలకవర్గం మొదటి సమావేశంలో అతను బావమరిది మాట ఎత్తలేదు.

ఫలితాల కాగితం పంచాయతీ గోడకు అంటించి ఉంది. భీమ్‌సింగ్ 47, జమున 44, నోటా 2, చెల్లనివి 19.