మద్దికొమ్మతో వచ్చిన పురుగు

నా చిన్నప్పుడు, ఏన్కూరు దాటాక అడవి అంచున ఉన్న మా ఊళ్లో మామిడిచెట్టుకు కాపలా మనుషులు కాదు, చీమలే. ఆకులు కుట్టి గూడు కట్టుకునే ఎర్రచీమలు. అవి తిరిగే చెట్టు కాయకు పురుగు చేరదు. చెట్టెక్కిన పిల్లలకు మాత్రం ఒళ్లంతా దద్దుర్లే.

ఒక ఏడు గాలివానకు మా చెట్టుమీది గూళ్లన్నీ రాలిపోయాయి. ఎండాకాలం మా ఇల్లు గడిచేది ఆ కాయల మీదే. మా తాతయ్య తెల్లవారకముందే అడవిలోకి వెళ్లి, గూడున్న మద్దికొమ్మను నరికి, చీమలు మెడమీద కుడుతుంటే తిట్టుకుంటూ మోసుకొచ్చి మా చెట్టుకు కట్టాడు. మా వైపు అందరూ చేసే పనే అది. చీమలు మామిడాకులు కుట్టడం మొదలుపెట్టాయి. నాకు భలే సంబరమైంది.

కొన్నాళ్లకు చీమలు పలచబడ్డాయి. తాతయ్య నిచ్చెన వేసి, నన్నూ ఎక్కించుకుని, గూటి ఆకు కొద్దిగా విప్పాడు. లోపల బొటనవేలంత పురుగు, చింతగింజలా గట్టిగా, నున్నగా ఉంది. చీమల తెల్లటి పిల్లలను తీరుబడిగా తింటోంది. చీమలు దాన్ని కరవబోయి జారిపోతున్నాయి, మళ్లీ వస్తున్నాయి. మమ్మల్ని అంతగా ఏడిపించిన చీమలు! చూడలేక ఏడ్చేశాను.

"తీసెయ్ తాతా!"

ఆయన పుల్లతో లాగి చూశాడు. పురుగు కదలలేదు. ఆకు చిరిగి, చీమల పిల్లలు నేలమీద రాలాయి. చీమలు ఆయన చేతికే ఎగబడ్డాయి.

"తీస్తే గూడు చిరుగుతది బిడ్డా, ఇడిస్తే పిల్లల్ని తింటది. నేనే మోసుకొచ్చి పెట్టిన దీన్ని. ఇగ మనతోని కాదు."

"మరి ఏం జేద్దం?"

"కూసుందం."

అప్పటినుంచి రోజూ సాయంత్రం నన్ను పక్కన పెట్టుకుని ఆ చెట్టు కింద కూర్చునేవాడు. కథలు చెప్పలేదు, ఊరడించనూ లేదు. ఒకనాడు ఆ పురుగే సీతాకోకచిలుకై గూట్లోంచి బయటికొచ్చింది. ఒంటినిండా తెల్లటి నూగు. మీదపడ్డ చీమల నోళ్లకు ఆ నూగే అంటుకుంది, చిలుక ఎగిరిపోయింది. ఆ ఏడు కాయలన్నీ పుచ్చిపోయాయి.

ఇప్పుడు మా చెల్లెలు ఖమ్మం దవాఖానాలో ఉంది. ఆపరేషన్ చేసినా లాభం లేదన్నారు. వచ్చినవాళ్లు తలా ఒక వైద్యం చెప్పి, బస్సుకు టైమైందని లేస్తున్నారు. నాకు ఏ వైద్యమూ తెలియదు. "ఇంటికి పోవా అక్కా?" అని అడుగుతుంది. పోనంటాను. చేతగాని చోట లేచిపోకుండా కూర్చోవడం ఒక్కటే మా తాతయ్య నాకు నేర్పాడు. ఆ ఒక్కటీ చేస్తున్నాను.