బెండ మడికి మందు కొట్టిన రోజు

మా కాలనీ ఇబ్రహీంపట్నంలో ఉంది. కాలనీ చివర ఒకప్పుడు చెత్త పోసే ఖాళీ స్థలం ఉండేది. మా చర్చివాళ్లూ, వెనక వీధి రామాలయంవాళ్లూ కలిసి దాన్ని బాగుచేయించి కూరగాయల తోట వేశారు. దానికి గేటు లేదు, కాపలా లేదు. “ఎవరైనా కోసుకోవచ్చు, ఇంటికి సరిపడా కోసుకోండి” అని ఒక రేకు మీద రాసి పెట్టారు. తోటకూర, గోంగూర, వంగ, బెండ, ఓ మూల రెండు మునగ చెట్లు. దారిన పోయేవాళ్లు ఆటో ఆపి మరీ గుప్పెడు ఆకు కోసుకుపోతుంటే చూడ్డానికి ముచ్చటగా ఉండేది. నువ్వెవరు, ఏ ఊరు అని అడిగేవాళ్లు లేరు.

ఆ రోజు తెల్లవారుజామున గాలితో ఒక జల్లు పడి వెలిసింది. మా అమ్మాయి స్కూలు బాక్సులోకి బెండకాయ వేపుడు చేద్దామని తోటకు వెళ్లాను. అప్పటికే ఒక అమ్మాయి బెండ మడి దగ్గర వంగలేక వంగుతోంది. నెలలు నిండుతున్న కడుపు. వేళ్ల చివర ఎర్రరంగూ పచ్చరంగూ అంటుకుని ఉన్నాయి.

“కొండపల్లి నుంచి వస్తానండి, బొమ్మలకి రంగులేస్తాం” అంది నా చూపు గమనించి.

“నువ్వు వంగొద్దమ్మా, నేను కోసిస్తాను” అని లేత కాయలు ఏరి ఆమె సంచిలో వేశాను. అందులోంచి ఒకటి తీసుకుని, చీర కొంగుతో తుడిచి, పచ్చిదే కొరికేసింది.

“ఈ మధ్య ఇదే పిచ్చండి. మా అత్తగారు తిడతారు కూడా” అని నవ్వుతూ ఇంకోటి నోట్లో పెట్టుకుంది. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చి కాయలు కడిగి, తుడిచి, వేపుడు చేశాను. ఉప్పు సరిపోయిందో లేదోనని ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. మా అమ్మాయి బాక్సు తీసుకుని స్కూలుకి వెళ్లిపోయింది. కుట్టుమిషన్ ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టుకి చేతులు అతుకుతుండగా, పక్క వీధి బాబాయిగారు సైకిలు గోడవార పడేసి లోపలికొచ్చారు. థర్మల్ కరెంటు కేంద్రంలో ఉద్యోగం చేసి రిటైరయ్యాక రోజంతా ఆ తోటలోనే ఉండే మనిషి. నీళ్లు పెట్టేదీ, కలుపు తీసేదీ ఆయనే.

“అమ్మా, పొద్దున్న తోటలో ఏమన్నా కోశావా?”

“బెండకాయలు కోశానండీ. ఏం?”

ఆయన గుమ్మం పట్టుకుని అలాగే కింద కూర్చున్నారు. “నిన్న సాయంత్రం మందు కొట్టానమ్మా. తెల్లదోమ పట్టి మడంతా పోతోందని... చుట్టూ తాడు కట్టి ఎర్రగుడ్డలు వేలాడగట్టాను. ఇప్పుడు చూస్తే తాడు తెగి కాలవలో పడి ఉంది.”

నా చేతిలో జాకెట్టు ఎప్పుడు జారిపోయిందో తెలీదు. స్కూలుకి ఫోను చేశాను. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాను. మూడోసారికి టీచరు పలికింది. “మా పాప బాక్సు తీసేయండి మేడమ్, ఎవర్నీ ముట్టనివ్వకండి” అని అరిచాను. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాను. అవతల పిల్లల గోల, బెంచీలు జరుపుతున్న చప్పుడు. చివరికి టీచరు, “మూత కూడా తీయలేదండీ, నా దగ్గరే పెట్టాను” అంది.

ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే ఆ కొండపల్లి అమ్మాయి కళ్లముందు మెదిలింది. నేను కడిగి వండాను. ఆమె పచ్చివే తింది.

“బాబాయిగారూ, ఇంకో అమ్మాయి తింది. కడుపుతో ఉంది.”

ఆయన పరుగున వెళ్లి మందు సీసాని ప్లాస్టిక్ కవర్లో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టారు. “నేను చర్చిలో, గుళ్లో మైకులో చెప్పిస్తాను, ఇంకెవరు కోశారో ఏమో. నువ్వు ఆ అమ్మాయిని వెతుకమ్మా” అన్నారు.

కొండపల్లి ఎంతో దూరం కాదు. కానీ ఆటోలో ఆ కాసేపూ నా ఒంటిని నేనే తడుముకుంటూ కూర్చున్నాను. నోరు ఎండిపోతోంది. అది భయమో, నేను రుచి చూసిన ఆ ముక్కో తెలియడం లేదు. వెనక మా చర్చి మైకు వినిపిస్తూనే ఉంది: “బెండకాయలు తినవద్దు, దయచేసి ఎవరూ తినవద్దు...”

బొమ్మలు చేసే వీధిలో, ఆమె పేరు కూడా తెలియకుండా, కడుపుతో ఉన్న అమ్మాయి, ఆకుపచ్చ చీర అని ఇంటింటికీ అడిగాను. ఒక అరుగు మీద చెక్క చెక్కుతున్న పెద్దాయన తలెత్తాడు.

“ఆ తాళం వేసిన ఇల్లేనండి. వాంతులు పట్టుకున్నాయి. నోటెంట నురగ కూడా వచ్చింది. బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు.”

మళ్లీ ఆటో. విజయవాడ దారిలో ప్రతి లారీ మా ముందే నిలబడినట్టుంది. ఆ కడుపులో బిడ్డకి ఏమన్నా అయితే అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా సీసా ఉన్న కవరును గట్టిగా పట్టుకునేదాన్ని.

ఆసుపత్రిలో ఆమెను పెట్టిన వార్డు ముందు గొడవ జరుగుతోంది. ఒక డాక్టరమ్మ, ఆ అమ్మాయి భర్తనూ అత్తగారినీ నిలదీస్తోంది. “లక్షణాలన్నీ పురుగుమందువే. ఇంట్లో ఏం గొడవైంది? ఏం తాగిందో నిజం చెప్పండి.” పక్కనున్నవాళ్లంతా ఆ తల్లీకొడుకుల్ని అసహ్యంగా చూస్తున్నారు. అత్తగారు గుండెలు బాదుకుంటోంది. “మేమేం అనలేదమ్మా, బిడ్డ సాక్షిగా ఏం అనలేదు!” లోపలి నుంచి సన్నగా ఆ అమ్మాయి గొంతు: “నేనేం తాగలేదు, నేనేం తాగలేదు.” ఆ మాట నమ్మేవాళ్లు అక్కడ ఒక్కరూ లేరు.

నేను జనాన్ని తోసుకుని వెళ్లి సీసా డాక్టరమ్మ చేతిలో పెట్టాను. “తాగలేదండీ. తోటలో పచ్చి బెండకాయలు తింది. వాటి మీద ఇది కొట్టారు. నేనే పక్కనుండి కోసిచ్చాను.”

డాక్టరమ్మ సీసా మీద చదివింది. లోపలికి నడుస్తూ, “మీరు తిన్నారా?” అంది.

“ఒక్క ముక్క.”

“ఇక్కడే కూర్చోండి. ఎటూ వెళ్లొద్దు.”

నా కళ్లలోకి టార్చి వేసి చూశారు, నాడి పట్టుకున్నారు. పక్క బెంచీ మీద అత్తగారు కూర్చుంది. నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టినా పడాలనుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. “నువ్వు రాకపోతే నా కోడలు పోయినా, బతికినా, మా వల్లే మందు తాగిందనేవాళ్లు” అంది. ఆ చెయ్యి చల్లగా, చెమటతో తడిసి ఉంది. వదల్లేదు. లోపలి నుంచి ఎవరు బయటికొచ్చినా ఇద్దరం ఒక్కసారే లేచేవాళ్లం.

పొద్దు వాలుతుండగా ఆ అమ్మాయికి గండం గడిచిందనీ, బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందని చెప్పారు. వాన జల్లు కొంత కడిగేసింది, తక్కువ తింది, అదృష్టం అంది డాక్టరమ్మ. నాకేమీ కాలేదు. మైకు విని మా కాలనీలో ఇంకా రెండిళ్లవాళ్లు కూర పారబోశారని ఇంటికొచ్చాక తెలిసింది.

బాబాయిగారు ఆ మడి మొత్తం పీకి, గొయ్యి తీసి పూడ్చేశారు. తోటే తీసేద్దామని కొందరన్నారు. చివరికి అక్కడ ఏ మందూ కొట్టకూడదని అనుకుని ఊరుకున్నారు. పురుగు పడితే పడనీ అన్నారు. ఆకులకి చిల్లులు కనిపిస్తే ఇప్పుడు అందరికీ ధైర్యం.

ఆ అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. నెలలు గడిచాక ఒక పొద్దున ఆ పిల్లను చంకనేసుకుని తోటకొచ్చింది. మనిషి చిక్కింది, నవ్వు మాత్రం అలాగే ఉంది. నన్ను చూసి, “బాగున్నారా అక్కా?” అని పలకరిస్తూనే గోంగూర తుంపడం మొదలుపెట్టింది.

“భయం లేదా నీకు?” అన్నాను.

“ఎందుకు లేదండి? కానీ బజార్లో కొనుక్కొచ్చే కూరల మీద ఎవరేం కొట్టారో చెప్పడానికి మా ఇంటికి ఎవరొస్తారు చెప్పండి” అంది, ఆకు సంచిలో కుక్కుకుంటూ.

నేను కట్ట కడదామని ఒక కొమ్మ తుంపాను. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. ఆకులు తిప్పి చిల్లులున్నాయేమోనని చూశాను. ఆమె సంచి నింపుకుని వెళ్లిపోయాక కూడా ఆ కొమ్మ పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను.