లచ్చవ్వకు కట్టిన పట్టుచీర

కొత్తవాడలో జంపఖానాలు నేసే రాజలింగుకు అరవై ఒకటో ఏడు నడుస్తోంది. ఎవరి జోలికీ పోడు. ఎవరైనా మాట తూలితే వినబడనట్టే మగ్గం మీద వంగి పని చేసుకుంటాడు. అలాంటి మనిషి పోయిన చలికాలంలో సొంత తమ్ముడి కుటుంబాన్ని ఇంట్లోంచి పొమ్మన్నాడు. వాడకట్టు నాలుగు రోజులు అదే మాట్లాడుకుంది.

తమ్ముడు సదానందానికి హన్మకొండలో బట్టల షోరూం ఉంది. మగ్గం వదిలి వేరు పడి ఇరవై ఎనిమిదేళ్లు. పండగకో చావుకో తప్ప అన్న గడప తొక్కడు. అలాంటివాడు ఒక ఆదివారం పొద్దున స్వీటు డబ్బా పట్టుకుని వచ్చాడు.

"అన్నా, మా పెండ్లయి ముప్పై ఏండ్లు నిండుతానయ్. ఫ్యామిలీ ఫోటో సెషన్ పెట్టుకుందామనుకుంటానం. స్టూడియోల కాదు, ఈడనే, మన మగ్గం కాడ. మా బిడ్డ తేజు ఐడియా ఇది. షోరూంల గోడంత ఫ్రేము పెడ్త. మన మూలాలేందో పదిమందికి తెల్వాలె గద."

మూలాలట. ఇన్నేళ్లుగా షోరూంకు వచ్చినవాళ్లు మీదేవూరని అడిగితే "హన్మకొండే" అని చెప్పి, కొత్తవాడ పేరు మింగేసే మనిషి ఇతను. రాజలింగు నోటిదాకా ఒక మాట వచ్చింది. అంతలో భార్య వినోద చెంగుకు చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది.

"మేం గూడ దిగుతమా సదానందం?"

"అదేం మాట వదినా! అన్న పక్కన నువ్వు లేకుంటే ఎట్ల?"

వినోద ముఖం విప్పారింది. ఆ ఇంట్లో ఆమె ఫోటోలు ఆధార్ కార్డు మీద ఒకటి, రేషన్ కార్డు మీద ఒకటి ఉన్నాయి. తొర్రూరులో ఉన్న కూతురి పెళ్లిలో సైతం వంటల దగ్గరా వడ్డనల దగ్గరా తిరిగి, కెమెరా ముందుకు వచ్చేసరికి ఫోటోలవాళ్లు సామాను సర్దుకున్నారు. ఆ సంతోషం చూసి రాజలింగు మాట మింగేసి, "సరే తియ్, రాండ్రి" అన్నాడు.

మర్నాటి నుంచి ఫోన్‌లో ఒక గ్రూపు మొదలైంది. సదానందం కూతురు తేజస్విని హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుంది. అక్కణ్నుంచే రోజుకు పది మెసేజీలు పెట్టేది. అందరూ బిస్కట్ రంగు బట్టలే వేసుకోవాలి. మెరుపు వద్దు, జరీ వద్దు. పెద్దబాపు, అంటే రాజలింగు, గడ్డం గీయించుకోవద్దు. వినోద వీటన్నిటినీ పైకి చదివి భర్తకు వినిపించేది. పోచమ్మ మైదాన్ దాకా నడిచిపోయి బిస్కట్ రంగు చీర వెతికి తెచ్చుకుంది. జాకెట్టు కుట్టించుకుంది. జుట్టుకు రంగు వేసుకుంది. యాభై ఆరేళ్ల మనిషి అద్దం ముందు నిలబడి కుచ్చిళ్లు సర్దుకుంటుంటే రాజలింగుకు నవ్వూ వచ్చింది, ముచ్చటా వేసింది.

వారం తర్వాత తేజస్విని, ఫోటో ఏర్పాట్లు చూసే ఒక ప్లానర్‌ను వెంటబెట్టుకుని ఇల్లు చూడ్డానికి వచ్చింది. ఆ ప్లానర్ పేరు స్నేహలత. వచ్చీ రాగానే ఫోన్ ఎత్తి పట్టుకుని ఇల్లంతా తిరిగింది. గోడలు ఎక్కడ పెచ్చులూడాయో అక్కడ ఆగి, "వావ్, సూపర్" అంది. పెచ్చులూడిన గోడను మెచ్చుకునే మనిషిని రాజలింగు అంతవరకూ చూడలేదు.

"సున్నం ఏపిద్దామనుకుంటాన్న బిడ్డా, ఫోటోల మంచిగ కనవడాలె గద" అన్నాడు.

"అయ్యో, వద్దంకుల్! ఇట్లనే ఉండాలి. ఇంకొంచెం పాతగా చేద్దాం."

ఆ "ఇంకొంచెం పాతగా" అంటే ఏమిటో తర్వాత తెలిసింది. ఫ్రిజ్ కనబడకూడదు. కూలర్ తీసేయాలి. టీవీ మీద గోనెసంచి కప్పాలి. స్టీలు బిందెల బదులు వాళ్లే మట్టికుండలు అద్దెకు తెస్తారు. దూలానికి కందిలి వేలాడదీస్తారు. ఇనప బీరువా దాచేసి అక్కడ చినిగిన గొంగడి ఆరేస్తారు.

"కందిలి పెట్టుడు బందయి ముప్పై ఏండ్లాయె బిడ్డా. కరెంటున్నది మాకు" అన్నాడు రాజలింగు.

తేజస్విని నవ్వింది. "ఫోటో కోసమే పెద్దబాపూ. స్టోరీ ఉండాలె గద. మన తాతలు ఎంత బీదరికంకెల్లి వచ్చిర్రో తెల్వాలె."

ఆ పిల్ల కడుపులో చెడు ఏమీ లేదు. అదే అతనికి మరీ కష్టంగా అనిపించింది. ఆ ఫ్రిజ్ కొనడానికి వినోద రెండేళ్లు చీటీ వేసింది. ఇప్పుడు దానిమీద గుడ్డ కప్పి, లేని బీదరికం బాడుగకు తెచ్చి పెడతారట. వాళ్లు ఎక్కడిదాకా ఎదిగారో చూపించుకోవడానికి ఇతను కిందే ఉన్నట్టు కనబడాలి. ఆ పూట అన్నం సయించలేదు. నోట్లో ఏదో పాచిపోయినట్టు ఉండి రెండుసార్లు పుక్కిలించి ఉమ్మాడు.

పోతూ పోతూ స్నేహలత మగ్గం మీద సగం నేసిన జంపఖానాను చూపించింది. ఎరుపూ నలుపూ చారలది, సొసైటీ వాళ్ల ఆర్డరు. "ఈ రెడ్ కళ్లకు బాగా కొడుతుంది అంకుల్. ఆ రోజుకు కట్ చేసేసి తెల్లది పెట్టండి."

"కోస్తే ఖరాబైతది. ఆలోపల నేసి దించుత తియ్" అన్నాడు. పది రోజుల పని ఆరు రోజుల్లో నేశాడు. భుజాలు పట్టేశాయి. వినోద ఆముదం వేడి చేసి రాస్తూ, "ఒక్క పూటే గదా. నా కోసం ఓర్చుకో" అంది. ఓర్చుకున్నాడు.

ఆ రోజు పొద్దున ఎనిమిదింటికే రెండు కార్లు, ఒక వ్యాను వచ్చాయి. కుండలు దిగాయి, గొంగడి దిగింది, బంతిపూల దండలు దిగాయి. సదానందం భార్య పద్మలత ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని లోపలికి వచ్చింది.

"ఏం వాసనక్కా ఇది?"

"పత్తి నూలుకు పెట్టిన గంజి వాసనే గదనే. నువ్వెరగందా?" అంది వినోద.

ఆమె బాగా ఎరుగును. కొత్త కోడలిగా ఈ ఇంట్లోనే రెండేళ్లు ఉంది. మొదటి వారమే అన్నంలో దూది పింజె పడిందని పళ్లెం నెట్టేసి, పుట్టింటినుంచి టిఫిన్ డబ్బా తెప్పించుకుంది. రాజలింగు తల్లి లచ్చవ్వ ఆ పళ్లెంలోని అన్నం తను తిని, పళ్లెం కడిగి బోర్లించింది. ఎవరినీ ఏమీ అనలేదు. రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టడం తప్ప ఆమెకు మాటలు తక్కువ.

యాభై ఏళ్లు దూదిపొట్టు పీల్చి లచ్చవ్వకు చివర్లో దగ్గు పట్టుకుంది. దవాఖాన దగ్గరవుతుందని, ఒక నెల చిన్న కొడుకు ఇంట్లో ఉంచుదామని రాజలింగు తీసుకుపోయాడు. మూడో రోజునే సదానందం ఆటోలో వెనక్కి తెచ్చి దింపాడు. "ఇంటికి పెద్ద పెద్దోళ్లు వస్తాంటరన్నా. అవ్వ దగ్గు ఇని లేచి పోతాండ్లు" అన్నాడు. అప్పటినుంచి పోయేదాకా, పదకొండు నెలలు, ఆమె దగ్గి ఉమ్మిన గళ్ల పట్టింది వినోద చేతులు. అది జరిగి ఏడేళ్లు.

ఇప్పుడు అదే పద్మలత మగ్గం మీద కూర్చుని పోగుల్ని బిగించే పన్నె మీద చెయ్యి వేసి నవ్వుతోంది. ఫోటో తీసినంతసేపూ నవ్వుతుంది, ఆగగానే రుమాలు ముక్కు దగ్గరికి పోతుంది. మళ్లీ కెమెరా ఎత్తగానే రుమాలు ఒళ్లోకి, నవ్వు ముఖం మీదికి. రాజలింగు తల తిప్పుకున్నాడు.

తర్వాత అతని వంతు వచ్చింది. బనీను మీద నిలబెట్టారు. స్నేహలత ఒక సీసా తెచ్చి ముఖం మీదా మెడ మీదా నీళ్లు చిమ్మింది.

"ఏందిది?"

"చెమట అంకుల్. చెమట ఉంటే కష్టపడ్డట్టు కనబడుతుంది."

నలభై ఐదేళ్లు మగ్గం గుంతలో కూర్చుని కార్చిన చెమట చాలలేదు కాబోలు, సీసాలోది కావలసి వచ్చింది. నీళ్లు మెడమీంచి వీపులోకి జారుతుంటే జెర్రి పాకినట్టు ఒళ్లు జలదరించింది. గుమ్మం దగ్గర బిస్కట్ రంగు చీర కట్టుకుని, జడలో మల్లెపూలు పెట్టుకుని, తన పిలుపు కోసం నిలబడ్డ వినోద వైపు చూశాడు. ముఖం తుడుచుకోకుండా నిలబడ్డాడు.

"ఇప్పుడు సర్‌ప్రైజ్!" అంది తేజస్విని.

వ్యానులోంచి పెద్ద ఫ్రేము తెచ్చి గోడకు ఆనించి, పైనున్న గుడ్డ లాగారు. అందులో ఒక ఆడమనిషి. ఎర్రగా బుర్రగా ఉంది. ముదురాకుపచ్చ పట్టుచీర, మెడలో రెండు పేటల హారం, చెవులకు జూకాలు. పలువరుస ముత్యాల్లా తీరుగా ఉంది. బుగ్గలు నున్నగా ఉన్నాయి.

"ఎవలీమె?" అన్నాడు రాజలింగు. నిజంగానే అడిగాడు.

"అవ్వే అన్నా! గుర్తుపట్టలేవా? పాత రేషన్ కార్డు ఫోటో ఉంటే కంప్యూటర్ల ఇట్ల చేపిచ్చిన. ఎంత మంచిగుంది సూడు."

రాజలింగు దగ్గరికి వెళ్లి చూశాడు. నుదుటి మీది పచ్చబొట్టు లేదు. కింది పెదవి మీద, చిన్నప్పుడు రాట్నం కదురు గుచ్చుకున్న మచ్చ లేదు. ఆమె నోట్లో ముందు పళ్లు రెండూ ఊడి ఎన్నేళ్లయిందో, అవీ మొలిచాయి. లచ్చవ్వ జన్మలో పట్టుచీర కట్టలేదు. కట్టాలని అడగలేదు. ఆమె మీద చివరికి కప్పింది ఇతను నేసిన తెల్లబట్ట.

"అవ్వ మొఖం ఏడవాయెరా?" అన్నాడు.

"అదేందన్నా, కొద్దిగ సాఫు చేపిచ్చిన అంతే. షోరూంల పెట్టాలె గద. నలుగురు చూసేది. ఉన్నది ఉన్నట్టు పెడ్తే..." సదానందం మాట పూర్తి చేయలేదు.

"పెడ్తే ఏమైతదిరా? గిరాకి లేచి పోతదా?"

పద్మలత చేతిరుమాలు మళ్లీ ముక్కు దగ్గరికి పోయింది.

"బతికున్నప్పుడు దగ్గుతాందని ఆటోల తెచ్చి దించిపోతివి. సచ్చినంక నగలు పెట్టి గోడకు తగిలిస్తానవా? నా కడుపుల దేవుతాందిరా మిమ్ముల సూస్తే. తియ్యుండ్రి. కుండలు తియ్యుండ్రి, కందిలి తియ్యుండ్రి. నడువుండ్రి నా ఇంట్లకెల్లి."

"పెద్దబాపూ, ప్లీజ్, ఒక్క గ్రూప్ ఫోటో..." తేజస్విని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నువ్వు చిన్నదానివి బిడ్డా. నిన్నంటలేను. కానీ పోండ్రి."

పోయారు. వాళ్లు వదిలేసిన బంతిపూలు తొక్కుడు పడి వాకిలంతా పచ్చగా మరకలయ్యాయి. రాజలింగు బకెట్టుతో నీళ్లు తెచ్చి కడిగాడు. ముఖం సబ్బుతో మూడుసార్లు రుద్దుకున్నాడు. లోపలికి వచ్చేసరికి వినోద చీర విప్పి మడత పెడుతోంది. పాత నైటీ వేసుకుంది. మల్లెపూలు కిటికీలో పెట్టింది.

"నువ్వన్నది తప్పని అంటలేను" అంది అటే తిరిగి. "అత్తమ్మను అట్ల జేసుడు నాకూ మంచిగనిపియ్యలే. కానీ ఒక్క ఫోటో దిగినంక ఎల్లగొట్టొద్దా?"

రాజలింగు టీవీ మీది గోనెసంచి తీసి మడత పెట్టాడు.

పది రోజుల తర్వాత, క్షవరం చేసే సాంబయ్య, రాజలింగు గడ్డం ఒక పక్క గీసి కత్తి తుడుస్తూ, "ఫోటోల భలే వచ్చినవన్నా, దొర లెక్క" అన్నాడు.

"ఏం ఫోటో?"

సాంబయ్య ఫోన్ తీసి చూపించాడు. సదానందం షోరూం వాళ్లు అందరికీ పంపిన ఫోటో. నడుమ పట్టుచీర లచ్చవ్వ. ఒక పక్క సదానందం, పద్మలత, తేజస్విని. ఇంకో పక్క బిస్కట్ రంగు లాల్చీ వేసుకుని, నల్లటి మీసంతో, చేతులు కట్టుకుని నవ్వుతున్న రాజలింగు. అతను ఆ లాల్చీ ఎన్నడూ తొడగలేదు. ఆ నవ్వు ఎన్నడూ నవ్వలేదు. వినోద లేదు.

సగం గీసిన గడ్డంతోనే లేచి, ఆటో ఎక్కి హన్మకొండ పోయాడు. షోరూంలో గోడంత ఫ్రేము నిజంగానే తగిలించి ఉంది. కింద ఇద్దరు ఆడవాళ్లు చీరలు బేరమాడుతున్నారు. ఒకామె పైకి చూసి, ఇతన్ని చూసి, "ఫోటోల ఉన్న పెద్దమనిషి గదా" అని పక్కామెతో గుసగుసలాడింది.

"నన్నందుల్నించి తీసెయ్" అన్నాడు రాజలింగు తమ్ముడితో.

"మెల్లగన్నా, గిరాకున్నది. ఏమైతదే, ఫోటోనే గద. నువ్వు లేకుంటే మంది ఏమనుకుంటరు? అన్నను ఒదిలేసిండంటరు."

"మరి మీ వదినేది?"

సదానందం మెడ గోక్కున్నాడు. "వదిన ఫోటో మంచిది ఒక్కటి గూడ దొరకలే. డిజైనర్ గూడ ఇట్లయితేనే మంచిగున్నదన్నడు."

తమ్ముడి గంధం బొట్టు, వేళ్ల ఉంగరాలు, గల్లా మీద వెలుగుతున్న అగరొత్తులు, ఇవన్నీ రాజలింగుకు ఒక్కసారిగా వెగటు పుట్టించాయి. కొట్టడానికి చెయ్యి లేచింది కానీ ఆ చెంపను తాకబుద్ధి కాలేదు. "నా తమ్ముడున్నడని ఇగ ఎవలికీ చెప్ప" అని, వెనక్కి తిరిగి మెట్లు దిగాడు. ఫ్రేము మాత్రం దిగలేదు. ఇప్పటికీ ఆ గోడ మీదే ఉంది.

ఇంటికి వచ్చేసరికి వినోద కండెలు చుడుతోంది. ఆమె ఫోన్‌కూ ఆ ఫోటో వచ్చిందని ముఖం చూస్తేనే తెలిసింది.

"మీసానికి రంగేసిర్రు నీకు" అంది, చెయ్యి ఆపకుండా.

రాజలింగు ఆమె పక్కన కింద కూర్చున్నాడు. "చీర కట్టుకో. స్టూడియోకు పోదాం. మనిద్దరమే దిగుదాం" అన్నాడు.

"ఇప్పుడొద్దు."

"రేపు?"

"నాకిప్పుడు దిగబుద్ధైతలేదు. ఆ చీర చూస్తేనే అదోతీరుగైతాంది. తొర్రూరు పోయినప్పుడు బిడ్డకిస్త."

రాజలింగు సగం గడ్డం మీద చెయ్యి పెట్టుకుని లేచి, మిగతాది గీయించుకోవడానికి సాంబయ్య దగ్గరికి పోయాడు.