ముందే బయల్దేరిన పాస్‌పోర్టు

కరోనా తర్వాత ఆఫీసులు మళ్ళీ నిండిన సంవత్సరం, నవంబరు నెలలో, మార్తా అనే పోలండ్ అమ్మాయిని హైదరాబాదు నుంచి క్షేమంగా సాగనంపే పని నాకు అప్పగించారు. అప్పట్లో హైటెక్ సిటీలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో విదేశీ ఉద్యోగుల వసతి విభాగానికి నేను అధిపతిని. ఆ విభాగంలో నేను తప్ప మరెవరూ లేరు కాబట్టి ఈ మాటలో అబద్ధం లేదు. జీతం చీటీ మీద మాత్రం ‘అసిస్టెంట్ మేనేజర్, అడ్మిన్’ అని ఉండేది.

ఆ ఉద్యోగంలో రాకడ పనులు, పోకడ పనులు అని రెండు రకాలు. ఏడాది పని మీద వచ్చినవారికి ఇల్లు చూడటం, పోలీసు రిజిస్ట్రేషన్ చేయించడం, గ్యాసు, వంటమనిషి కుదర్చడం రాకడ పనులు. సామాను ప్యాకర్లకు అప్పగించడం, బ్యాంకు ఖాతా మూయించడం, తాళాలు ఇంటివారికి ఇప్పించి మనిషిని విమానం ఎక్కించడం పోకడ పనులు. చూసేవారికి రాకడే కష్టమనిపిస్తుంది. కానీ కొత్తగా వచ్చినవాళ్ళు మన మాట వింటారు. ఏడాది ఉన్నవాళ్ళు ఊరంతా తమకు తెలిసిపోయిందనుకుంటారు.

చివరి వారాల్లో అందరి నడవడీ దాదాపు ఒకటే. ఏడాదంతా గోల్కొండ మొహం చూడనివారు వారంలో రెండుసార్లు వెళ్ళొస్తారు. బాల్కనీలో కుండీలు, కుక్కరు, ఇస్త్రీపెట్టె ఎవరెవరికి ఇవ్వాలో తేలక నాకు ఫోను చేస్తారు. మార్తా కూడా అంతే. తులసి మొక్క వాచ్‌మన్ భార్యకూ, మిక్సీ వంటమనిషికీ ఇచ్చింది. దర్జీ ఆఖరి రవికను బిగుతుగా కుట్టాడని అతనితో తెలుగులోనే పోట్లాడి కుట్లు విప్పించింది. ఇక సాయంత్రాలన్నీ విందులే. ఆఫీసులో ఒకరి ఇంట తిని, ఇంకొకరి ఇంట తినకపోతే ఊరుకోరు. నేనూ వెంట వెళ్ళాల్సివచ్చేది. ఆ వారాల్లో ఆమెతోపాటు నేనూ బాగా బరువెక్కాను. ఆమె నిజంగా బరువెక్కిందో లేదో నాకు తెలియదు.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. మార్తా టెస్టరు. అంటే ఇతరులు రాసిన ప్రోగ్రాము చెప్పిన నియమం ప్రకారం నడుస్తోందా లేదా అని పరీక్షించి తప్పు పట్టే ఉద్యోగం. నియమం అంటూ ఒకటి చెబితే అక్షరం వదిలేది కాదు.

ఆమె ఉన్నది పుప్పాలగూడలో, ఎల్లమ్మగారి బిల్డింగు రెండో అంతస్తులో. ఎల్లమ్మగారు ఆ ఊరి మనిషి. తమ జొన్నచేలలోనే అపార్టుమెంట్లు లేవగా చూసిన ఇల్లాలు. తాను కింది వాటాలో ఉంటూ మార్తాను ‘బిడ్డా’ అనేది. ఆవిడ ఇచ్చిన దావత్‌లో మా వార్సా ఆఫీసు మంగళవారానికి టికెట్టు కొన్నదని తెలిసి గరిటె పళ్ళెంలో పడేసింది.

“ఆడబిడ్డను మంగళారం ఇంట్లకెల్లి పంపుతరా సారూ? మీ కంపెనీల పంచాంగం లేదా ఏంది?”

విమానాలు పంచాంగం చూసి ఎగరవని నేను గట్టిగా చెప్పాను. అంటే, అలా రాయాలని ఉంది. నిజానికి “మీరన్నది నిజమే ఎల్లమ్మగారూ” అన్నాను. అప్పటికి నా పళ్ళెంలో బగారన్నం ఇంకా సగం ఉంది.

పరిష్కారం ఆవిడే చెప్పింది. ప్రస్థానం పెట్టాలి. ప్రయాణం రోజు మంచిది కానప్పుడు, అంతకుముందే ఒక మంచి రోజున మన వస్తువు ఏదైనా ప్రయాణం చేసే దిక్కులో వేరే వారింట ఉంచితే, ఆ రోజే బయల్దేరినట్టు లెక్క. ఆ వస్తువును మళ్ళీ ఇంటికి తేకూడదు. వెళ్ళేటప్పుడు దారిలో తీసుకుపోవాలి. మార్తా ఫోనులో దిక్సూచి తెరిచి తన దేశం వాయవ్యంలో ఉందని తేల్చింది. వాయవ్యంలో మనవాళ్ళెవరున్నారంటే సువార్త ఉంది. మా ఆఫీసు వైద్యశాలలో నర్సు, చీరాల మనిషి, కాపురం శేరిలింగంపల్లి. వచ్చిన కొత్తలో మార్తా కడుపునొప్పులన్నీ ఆమె చేతిమీదుగానే తగ్గాయి.

“మాకిలాంటి పట్టింపులు లేవండి. అయినా సంచి ఏం పాపం చేసింది? ఇలా ఇవ్వండి, తీసుకెళ్తాను,” అని సువార్త నవ్వింది.

గురువారం నాడు, ఎల్లమ్మగారి మనవరాలి పెళ్ళిలో పంచిన జనపనార సంచిలో కొబ్బరికాయ, బెల్లం, సన్నబియ్యం పెట్టారు. ఏది లేకపోతే ప్రయాణం కాదో ఆ నీ వస్తువు ఒకటి పెట్టమని ఎల్లమ్మగారు సంచిని మార్తాకు ఇచ్చింది. సువార్త పట్టుకెళ్ళింది.

శనివారం నేను ఆఖరి తనిఖీకి వెళ్ళాను. విమానానికి రెండు మూడు రోజుల ముందు పాస్‌పోర్టును కంటితో చూడటం నా పద్ధతి. ఉందంటే ఒప్పుకునేవాణ్ణి కాను, చూపించాల్సిందే.

“అది ముందే బయల్దేరింది మూర్తిగారూ,” అంది మార్తా, ఎంతో నిదానంగా.

నేను ప్యాకర్ల అట్టపెట్టె మీద కూలబడ్డాను. ఆమె తన తర్కం వివరించింది. ఏది లేకపోతే ప్రయాణం కాదో అది పెట్టమన్నారు ఎల్లమ్మగారు. చీర లేకపోయినా విమానం ఎక్కనిస్తారు. దువ్వెన లేకపోయినా ఎక్కనిస్తారు. అలా ఒక్కొక్కటీ పరీక్షించుకుంటూ పోతే చివరికి మిగిలింది పాస్‌పోర్టే.

గుమ్మంలో నిలబడ్డ ఎల్లమ్మగారు నెత్తి కొట్టుకుంది. “నేను చీరె పెడ్తవనుకుంటి! గా బుక్కు ఎవలు పెట్టమన్నరే తల్లీ!”

వీసా గడువు బుధవారంతో సరి. మంగళవారం విమానం తప్పితే గడువు దాటి ఉన్నట్టవుతుంది. పోయేందుకు విడిగా అనుమతి, జరిమానా, రికార్డులో మచ్చ. మరుసటి ఏడాది ఆమెను మళ్ళీ ఇక్కడికే పంపుతామని కంపెనీ మాట ఇచ్చింది. ఆ మాట కోసమే ఆమె వార్సాలో వచ్చిన మరో ఉద్యోగం వదులుకుంది. మచ్చ పడితే రెండూ పోయినట్టే.

సువార్తకు ఫోను చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. శుక్రవారమే చెల్లెలి పెళ్ళికి చీరాల వెళ్ళిందట. ఇంటికి తాళం. నేను వెంటనే పోలీసు ఉన్నతాధికారితో మాట్లాడాను. ఆయన మా ఆవిడ పిన్నమ్మ కొడుకు, ట్రాఫిక్ కానిస్టేబులు. తాళం పగలగొడితే తననే లోపలేస్తారన్నాడు.

ఆదివారం పొద్దున సువార్తే ఫోను చేసింది. “అయ్యో, కంగారు పడకండి సార్! తాళం వేసిన ఇంట్లో ఎందుకని మా పాస్టరుగారి భార్యకి ఇచ్చొచ్చానండి. చర్చి పక్కనే వాళ్ళిల్లు.”

కారు తీశాను. మార్తాతోపాటు ఎల్లమ్మగారూ ఎక్కింది. సంచి తిరిగి పుప్పాలగూడకు రాకుండా కాపలా అట.

చర్చి దగ్గర షామియానా, జనం. ఆ రోజు కోత పండుగ. పొలం ఉన్నవాళ్ళు పంటలో తొలి భాగం దేవుడికి తెచ్చి ఇచ్చే పండుగ. పొలాలు లేని ఆ సంఘస్థులు సూపర్ మార్కెట్ నుంచి తెచ్చారు. గుమ్మడికాయల మీద ధర కాగితాలు అలాగే ఉన్నాయి. ఆరాధన అయ్యాక కానుకలన్నీ వేలం వేసి ఆ సొమ్ము సంఘానికి జమ చేస్తారు. బియ్యం, బెల్లం, కొబ్బరికాయ ఉన్న సంచి పాస్టరుగారి వరండాలో కనబడితే కుర్రకారు ఏమనుకుంటారు? కానుకలలో చేర్చారు.

మేము లోపలికి అడుగుపెట్టేసరికి పాస్టరుగారు ఆ సంచినే ఎత్తి పట్టుకుని ఉన్నారు. “సన్నబియ్యం, బెల్లం, కొబ్బరికాయ! ఏ సహోదరి సమర్పించిందో పేరు లేదు. ప్రభువుకు తెలుసు! పాడండి!”

“ఆగండి!” అని గర్జించాను. చర్చి యావత్తూ నిశ్శబ్దమైపోయింది.

లేదు. గర్జించలేదు. చెయ్యి ఎత్తాను, అంతే. వేలంలో చెయ్యి ఎత్తితే పాట పెంచినట్టని ఆ క్షణాన తోచలేదు. ముందు వరుసలో ఒక రిటైర్డ్ రైల్వే పెద్దాయన నాకంటే పెంచాడు. నేను కంగారుగా రెండు చేతులూ ఊపాను. పాస్టరుగారు దాన్ని రెండు పాటలుగా లెక్కగట్టారు. ఈలోగా వెనక నుంచి ఎల్లమ్మగారి గొంతు: “నాది ఇంకెక్కువ రాసుకో అయ్యా! మా సంచి మేం ఇడుస్తమా?” ఆవిడ పెంచుతున్నది నా పాట మీదేనని గమనించలేదు. ప్లాట్ల వేలాల్లో రాటుదేలిన మనిషి, ఆపేలా లేదు. పెద్దాయనకూ పంతం పట్టుకుంది.

“సంచిలో ఏముందమ్మా అంత?” అని ఆయన వెనక్కి తిరిగి అడిగాడు.

“మా పోరి ఉన్నది అండ్ల!” అంది ఎల్లమ్మగారు.

మార్తా అప్పటికే వేదిక దగ్గరికి నడిచింది. సంచి జిప్పు తీసి, బియ్యం పొట్లం పక్కన పెట్టి, పాస్‌పోర్టు బయటికి లాగి, ఫొటో ఉన్న పుట జనం వైపు తిప్పి చూపించింది.

“ఆ పేరు లేని సహోదరిని నేనేనండి,” అంది తెలుగులో.

నవ్వులతో షామియానా ఊగింది. పాస్టరుగారు సంచి ఊరికే ఇచ్చేయబోయారు. ఎల్లమ్మగారు ఒప్పుకోలేదు. దేవుడి ముందు పెట్టినదాన్ని ఊరికే తీసుకుంటే అచ్చిరాదని, తాను పాడిన పాట అక్కడికక్కడే చెల్లించింది. పెద్దాయనకు కొబ్బరికాయ ఇప్పించింది.

పాస్‌పోర్టు నా చేతికిమ్మన్నాను. మార్తా తల అడ్డంగా ఊపింది. సంచి ఇంటికి రాకూడదు కదా, నియమం నియమమే అంది. ఎల్లమ్మగారు అటు చేరింది. పాస్టరుగారి భార్య కూడా “ఉండనివ్వండి సార్, బీరువాలో పెడతాను, తాళం నా దగ్గరే ఉంటుంది,” అంది. అధికారం ఉపయోగించి వాళ్ళ మాట కొట్టిపారేయగలను. ఉపయోగించలేదు. నిజం చెప్పాలంటే, ఉపయోగించాను, ఎవరూ వినలేదు. సోమవారమంతా బీరువా క్షేమసమాచారం కనుక్కుంటూ గడిపాను.

మంగళవారం విమానాశ్రయం దక్షిణాన ఉంటే కారు ఉత్తరానికి పోయింది. శేరిలింగంపల్లిలో సంచి ఎక్కించుకుని, అవుటర్ రింగు రోడ్డు పట్టుకుని వెనక్కి వస్తే మళ్ళీ పుప్పాలగూడ పక్కనుంచే దారి. బిల్డింగు కనబడే చోట మార్తా కళ్ళు మూసుకుంది. అదీ ఎల్లమ్మగారి ఆజ్ఞే. శంషాబాదులో ఇమ్మిగ్రేషన్ వైపు పోతూ వెనుదిరిగి, అద్దాల అవతలి నుంచి పాస్‌పోర్టు ఎత్తి నాకు చూపించింది. కంటితో చూశాను. మరుసటి ఏడాది జనవరిలో అదే పాస్‌పోర్టుతో, మచ్చ లేకుండా, మళ్ళీ వచ్చింది.

ఇందులో నేను నేర్చుకున్నది ఇది. మన పద్ధతులు పట్టించుకోని విదేశీయుల వల్ల నా ఉద్యోగంలో ఎప్పుడూ ముప్పు రాలేదు. మన నియమాలను మనం సగమే చెబుతాం. మిగతా సగం వినేవాడికి పుట్టుకతోనే తెలుసనుకుంటాం. అది తెలియని మనిషి, చెప్పిన సగాన్ని నిష్ఠగా పాటించే మనిషి ఎదురైతే ఏం జరుగుతుందో ముందుగా ఊహించడం వసతి అధికారి పని. ఆ తర్వాత రిటైరయ్యేవరకు, వీడ్కోలు విందులు మొదలుకాకముందే నేను పాస్‌పోర్టు చూసేవాణ్ణి.