తువ్వాలు కింద రెండు బండ్లు

యాభై దాటాక మా ఇద్దరికీ పట్టిన పిచ్చి ఇది. ఆత్మకూరు బస్టాండుకు కాస్త ఎడంగా నాకొక సిమెంటు కొట్టు ఉంది. నా స్నేహితుడిది ఉదయగిరి దగ్గర పల్లె, తాతల కాలం నుంచీ గొర్రెల మంద ఉన్న ఇల్లు. ఇంటర్‌లో ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం, ఒకేసారి తప్పాం. నేను మా నాయన కొట్టులో కూర్చున్నాను, వాడు గొర్రెల బేరాలు చెయ్యడానికి సంతల వెంట పడ్డాడు. స్నేహం మాత్రం పోలేదు. తీరిక దొరికితే చాలు, బస్సెక్కి వచ్చి నా కొట్టు ముందు బస్తాల మీద కూర్చుని ఫోనులో బండ్ల వీడియోలు పెట్టేవాడు. మామూలు బండ్లు కాదు. కొండలెక్కి, రాళ్ళు దాటి, దేశం చివరిదాకా పోయే పెద్ద మోటారు సైకిళ్ళు. గిరాకీ వచ్చి నిలబడినా బస్తా మీద నుంచి లేచేవాడు కాదు. నేను కస్సుమంటే కాళ్ళు మాత్రం పక్కకు జరిపేవాడు.

లడాఖ్‌లో మేకలు కాచుకునేవాళ్ళ వీడియో ఒకటి చూసినప్పుడు మొదలైందిదంతా. చెట్టు లేదు, చేను లేదు, ఎక్కడ చూసినా రాయీ ఆకాశమూ. వాటి మధ్య ఒళ్ళంతా మెత్తటి బొచ్చుతో మేకలు. ఆ బొచ్చుతోనే ఖరీదైన శాలువాలు నేస్తారట.

"ఆ మేకను ఒక్కసారి నడుము పట్టి చూడాలరా," అన్నాడు.

గొర్రెల బేరగాళ్ళు కంటిని నమ్మరు. వెన్ను మీద వేళ్ళు ఆనించి నడుము దగ్గర నొక్కి చూస్తారు. కండ ఎంత, ఎముక ఎంత అన్నది ఆ నొక్కుడులోనే తేలిపోతుంది. వాడి చెయ్యి పడితే సంతలో ఎవరూ మళ్ళీ పట్టి చూసేవాళ్ళు కాదు.

"దానికి బండెందుకురా? రైలెక్కి పో," అన్నాను.

"మంద ఎనకాల నడిచి పెరిగినోణ్ణి. ఎక్కడ ఆగాలనిపిస్తే ఆడ ఆగాల. రైలు నా కోసం ఆగతాదా?"

అలా మొదలైన వెతుకులాట చివరికి రెండు బండ్ల దగ్గర నిలిచింది. మొదటిది నాలుగు వందల యాభై సీసీ, ఒక్క సిలిండరు. బరువు రెండు వందల కిలోలకు కాస్త అటూ ఇటూ, అంటే నా లెక్కలో నాలుగు సిమెంటు బస్తాలు. రెండోది వెయ్యి సీసీ పైమాటే, రెండు సిలిండర్లు, ఐదు బస్తాల బరువు. వాడు చిన్నదాని పక్షం. నేను పెద్దదాని పక్షం. ఉదయగిరి కొండ కింద మంద తోలుకుపోయే రాళ్ళ దోవలో ఏది నడుస్తుందో అదే లడాఖ్‌లోనూ నడుస్తుందని వాడి వాదన. పడితే ఒక్కడే లేవనెత్తుకోగలగాలి అనేవాడు. రోజంతా కూర్చోవాల్సిన సీటు, గాలిని అడ్డుకునే పెద్ద అద్దం, కొండెక్కేటప్పుడు రొప్పకుండా లాగే ఇంజను ఉండాలని నా వాదన. నెల్లూరు దాకా స్కూటరు మీద పోతేనే నడుం పట్టేసే మనుషులం, అంతదూరం నాలుగు బస్తాల బండి మీద ఎలా పోతావని అరిచేవాణ్ణి. బండి కొనేది వాడు, గొంతు పోయేది నాకు. మా ఆవిడ విని విని చెవులు మూసుకునేది.

ఉన్నట్టుండి ఒకరోజు వచ్చి, "నీ బండే మంచిదిరా," అన్నాడు.

నాకు పట్టలేనంత సంతోషం. టీ చెప్పాను, ఎదురు హోటలు నుంచి మైసూరు బజ్జీ కూడా తెప్పించాను. ఎందుకు మనసు మారిందిరా అని గర్వంగా అడిగాను.

"దానికి క్లచ్ లేని రకం ఉండాది గదా. ఎడమచేత్తో పని లేదు. గేర్లు అదే ఏసుకుంటది."

అని, భుజం మీది తువ్వాలు కింద నుంచి ఎడమ చెయ్యి తీసి బస్తా మీద పెట్టాడు. వేళ్ళు వాటంతట అవే ఆడుతున్నాయి. బొటనవేలు చూపుడువేలిని రుద్దుతోంది, బీడీ నలుపుతున్నట్టు. నేను చూశానని తెలిసి చేతిని మళ్ళీ తువ్వాలు కింద దాచుకున్నాడు. చేతిలో బజ్జీ ఎప్పుడు కింద పెట్టేశానో నాకు తెలియదు.

సంతలో జరిగింది అప్పుడు చెప్పాడు. మా వైపు గొర్రెల బేరం నోటితో చెయ్యరు. చుట్టూ నిలబడినవాళ్ళకు ధర తెలియకుండా, ఇద్దరూ చేతుల మీద తువ్వాలు కప్పుకుని, ఎదుటివాడి అరచేతిలో వేళ్ళతో చెప్తారు. పట్టిన వేళ్ళను బట్టి ధర. ఇష్టం లేకపోతే ఎదుటివాడి వేళ్ళు ముడిచి పిడికిలి చేసి వదిలేస్తారు. దాని తర్వాత ఇక మాట ఉండదు, ఎవరి దోవన వాళ్ళు పోవడమే. వాడిది ఎడమచేతి వాటం, ఇన్నేళ్ళూ ఆ చేత్తోనే చెప్పాడు. ఆ రోజు గొర్రెలు కొనబోతూ వాడు రెండు వేళ్ళు పట్టాడు. చెయ్యి ఆగకుండా పోయి పక్కనున్న వేలికీ తగిలింది. ఎదుటివాడు దాన్నీ లెక్కలో కలుపుకున్నాడు. తువ్వాలు తీశాక ఇద్దరికీ రెండు ధరలు.

"వేలిచ్చి వెనక్కి తీసుకుంటావా అని సంతలో అందరి ముందర అన్నాడురా. మోసగాడన్నారు నన్ను. వణుకని చెప్పుకోలేకపోయినాను. ఏమని చెప్పేది? నా చెయ్యి నా మాట వినడంల్యా అని చెప్పాల్నా?"

అప్పటి నుంచి వాడు సంతకు పోలేదు. తువ్వాలు భుజాన ఉండేది, బేరానికి మాత్రం తీయలేదు.

నెల్లూరులో పెద్ద డాక్టరుకు చూపించాం. నరాల జబ్బు అన్నాడు. మందులతో కొన్నాళ్ళు అదుపులో ఉంటుంది, వెనక్కి మాత్రం పోదు, కాళ్ళకూ వస్తుంది అన్నాడు. వాడు అన్నీ విని, "కొన్నాళ్ళంటే లడాఖ్ పోయి రావచ్చునా సార్?" అని అడిగాడు. డాక్టరు నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు వైపు చూశాను.

బయటికి రాగానే, ఎలాగూ వచ్చినాం గదా, చిన్న బండి నడిపి చూద్దాం అన్నాడు. షోరూము వెనక ఖాళీ స్థలంలో ఇచ్చారు. బండిని కాళ్ళ మధ్య చక్కగా నిలబెట్టుకున్నాడు. పొట్టేలును పట్టుకున్నట్టు మోకాళ్ళతో టాంకును బిగించి పట్టుకుని నా వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది. క్లచ్ నొక్కాడు, గేరు వేశాడు. వదిలేటప్పుడు మెల్లగా వదలాలి కదా, వేళ్ళు ఒక్కసారిగా జారాయి. బండి ఎగిరిపడి ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ ఆగిపోయింది. షోరూము కుర్రాడు పక్కకొచ్చి, అలవాటు లేదా సార్ అన్నాడు. ముప్పై ఏళ్ళుగా బండి నడుపుతున్న మనిషిని పట్టుకుని! నాకు ఒళ్ళు మండింది, ఆ అబ్బితో పోట్లాటకు దిగాను. మావాడే బండి దిగి వచ్చి నా చొక్కా పట్టి లాక్కుపోయాడు.

పెద్ద బండి చూడాలంటే మద్రాసు పోవాలి. నాకింకా ఆశ ఉంది. దానికి క్లచ్ లేదు కదా. కారు మాట్లాడుకుని పోయాం. వాడు ఎక్కాడు, యాక్సిలరేటరు తిప్పాడు, బండి వెన్నలా కదిలింది. గేర్లు అవే పడ్డాయి. వాడలా పోతుంటే నేను రోడ్డు పక్కన నిలబడి ఈల వేశాను, పెద్దమనిషినన్నది మర్చిపోయి. మలుపు దగ్గర ఎవరో అడ్డమొస్తే వాడు ఆపాడు. ఎడమ కాలు నేలకు ఆనించాడు. ఐదు బస్తాల బండి ఆ కాలి మీదికి ఒరిగింది. కాలు నిలవలేదు. వెనకే స్కూటరు మీద వస్తున్న షోరూము మనుషులు పరుగెత్తి పట్టుకున్నారు. దెబ్బ తగల్లేదు. దిగి, సీటు దుమ్మును తువ్వాలుతో తుడిచి, "మంచి బండిరా," అన్నాడు.

చిన్నదాన్ని పట్టుకోగలడు, నడపలేడు. పెద్దదాన్ని నడపగలడు, పట్టుకోలేడు. ఇన్ని వీడియోలు చూశాం, ఈ పోలిక ఒక్కడూ చెప్పలేదు.

అదే కారులో వెనక్కి బయల్దేరాం. గూడూరు దాటాక ఉండబట్టలేక అన్నాను. నేను నడుపుతాను, వెనక కూర్చో, ఇద్దరం పోదాం అని.

"సంతకు గొర్రెను ఏసుకొని పోయినట్టు ఏసుకొని పోతావా?" అన్నాడు. కోపంగా అనలేదు. అదే నాకు కష్టమనిపించింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత వాడు బస్సు దిగి కొట్టుకు రావడం తగ్గింది. వచ్చినా వీడియోలు పెట్టేవాడు కాదు. సంగం బ్యారేజీకి నీళ్ళొచ్చాయా, సిమెంటు ధర పెరిగిందా, ఇలాంటి మాటలు. కుడిచెయ్యి కూడా మొదలైంది. టీ గ్లాసు సగమే పోయమనేవాడు, ఒలకకుండా. నాకు ఆ సగం గ్లాసు చూస్తే ఏడుపొచ్చేది.

మొన్న ఒక మధ్యాహ్నం వచ్చాడు. కొట్టులో ఎవరూ లేరు. నాకెందుకో మొండితనం వచ్చింది. కొత్తరకం మందులొస్తున్నాయట, చిన్న బండికి కూడా క్లచ్ లేకుండా తెస్తున్నారట, ఏడాది ఆగుదాం అని నోటికొచ్చినట్టు చెప్పుకుంటూ పోయాను. సగం నేను పుట్టించినవే. వాడు వింటూ కూర్చున్నాడు.

"ఒరే, నోటితో వద్దు. తేల్చి చెప్పు," అని వాడి భుజం మీది తువ్వాలు లాగి మా ఇద్దరి చేతుల మీద కప్పాను. "చిన్నదైతే ఒక వేలు పట్టు, పెద్దదైతే రెండు. ఏది చెప్తే అది. వణికినా నాకు తెలుస్తుంది, నేను సంతలోవాణ్ణి కాదు."

తువ్వాలు కదిలింది. వాడి చెయ్యి నా అరచేతిలోకి వచ్చింది. ఎండాకాలంలో కూడా చల్లగా ఉంది. వేళ్ళు ఆడుతున్నాయి, ఒకటా రెండా అని నేను లెక్కపెడుతున్నాను. అప్పుడు రెండో చెయ్యి కూడా తువ్వాలు కిందికి తెచ్చాడు. రెండు చేతులతోనూ నా చిటికెన వేలు ముడిచాడు. తర్వాత ఉంగరం వేలు, తర్వాత మధ్య వేలు. ఎంత సేపు పట్టినా ఒక్కటి కూడా వదల్లేదు. బొటనవేలు దాకా అన్నీ ముడిచి, పిడికిలి చేసి, గట్టిగా ఒకసారి నొక్కి వదిలేశాడు.

ఇందులో పొరబడడానికి ఏమీ లేదు. తువ్వాలు తీసి భుజాన వేసుకుని, ఉదయగిరి బస్సుకు టైమైంది, పోతానురా అని లేచాడు.