జిద్దాకు ఎంతసేపు

మక్కాకు ఉమ్రా యాత్ర చేసి నిన్ననే తిరిగొచ్చిన పెద్దాయన ఒకరు పొద్దున్నే మా షాపుకొచ్చి, బల్ల మీద ఖర్జూరాలు పెట్టి వెళ్లారు. ఆయన చొక్కాకు రాసుకున్న అత్తరు వాసన ఇంకా గదిలోనే ఉంది. ఆ వాసనకు నాకు ముందు గుర్తొచ్చేది దేవుడు కాదు, మా మస్తాన్‌బీ ఆపా. ఆ వెనకే అసూయ.

నరసరావుపేటలో ఈ విమాన టిక్కెట్ల షాపు ఆపాది. క్రోసూరు నుంచి డిగ్రీ కాగితం పట్టుకొచ్చిన నన్ను, చర్చికి వెళ్లే పిల్లనని తెలిసీ, మారుమాట లేకుండా కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. మక్కా వెళ్లేవాళ్లు జిద్దాలో దిగాలి. హైదరాబాదు నుంచి అది నాలుగు వేల కిలోమీటర్ల పైచిలుకని నేను చెబితే కొందరు బెదిరిపోయేవాళ్లు. మరికొందరు టిక్కెట్టు మీద బయల్దేరే వేళా దిగే వేళా చూసుకుని, మూడు గంటలే కదా అని మురిసిపోయేవాళ్లు. అక్కడి గడియారం మనకంటే వెనక నడుస్తుందని వాళ్లకు తెలియదు. ఆపా అందరికీ చాయ్ తెప్పించి, "ఏం లేదమ్మా, పేటలో బస్సెక్కి హైదరాబాదులో దిగేదాకా ఎంతసేపు కూర్చుంటావో గాల్లోనూ అంతసేపే. మోకాళ్లు పట్టేస్తయ్, మధ్యలో లేచి నాలుగడుగులెయ్యి" అనేది. తను మాత్రం అప్పటికి విమానం మొహం చూడలేదు.

పెద్ద బృందానికి టిక్కెట్లు తీస్తే ఒక సీటు ఊరికే ఇస్తారు. మొదటిసారి అలా వచ్చిన సీటును ఆపా నాతో పనిచేసే షహనాజ్‌కు ఇచ్చింది. ఆ టిక్కెట్టు తీయాల్సింది నేను. మక్కాలోకి మా మతంవాళ్లను రానివ్వరని తెలుసు. తెలిసినా కడుపు మండింది. షహనాజ్ కొత్త సూట్‌కేసు అందరికీ చూపిస్తుంటే అటు చూడలేకపోయాను.

ఆపా నా మొహం చూసి, "ఏందే, కుళ్లుకుంటన్నావా?" అంది.

"అవునాపా. చానా."

"కుళ్లుకో. నాకూ కుళ్లుగానే ఉంది. ఇన్నేళ్ల నుంచి అందర్నీ పంపిస్తన్నా, నేను పోయింది లేదు. కానీ అది కడుపులోనే ఉండాల. చేతిలోకి రానీయమాక. ముసలమ్మల పక్కన దానికి మంచి సీటు చూడు."

చూశాను. పళ్లు కొరుక్కుంటూనే చూశాను. మా ఇంట్లోనూ చర్చిలోనూ అసూయ పాపమనే చెప్పారు. దాన్ని పక్కన పెట్టుకుని కూడా సరిగ్గా పని చేయొచ్చని చెప్పింది ఆపా ఒక్కతే.

పోయినేడాది ఆపా తానే బయల్దేరింది. టిక్కెట్టు నేనే తీశాను. కాబా చుట్టూ ప్రదక్షిణ ముగించిన మర్నాడు నిద్రలోనే కన్నుమూసింది. అక్కడే మట్టిచేశారు. అంత అదృష్టం ఎవరికి దొరుకుతుందని ఊళ్లో అందరూ అన్నారు. నాకు మాత్రం ఆమె మీద పిడికెడు మట్టి వేసే వీలు కూడా లేకపోయింది.

ఇప్పుడు షాపు షహనాజూ నేనూ నడుపుతున్నాం. వచ్చే నెల యాత్రికులతో మళ్లీ షహనాజే వెళ్తోంది. ఆపా ఉన్న ఊళ్లో నిలబడి ఆమె కోసం దువా చేస్తుంది. నేను ఎన్ని వందలమందికి దారి చెప్పినా, నా దారి జిద్దాలోనే ఆగిపోతుంది.

ఇందాక దాని టిక్కెట్టు తీస్తుంటే, "అక్కా, ఆపాకేమన్నా చెప్పమంటావా?" అని అడిగింది.

"నువ్వు పోతన్నావనీ నేను పోలేననీ నాకు ఏడుపొస్తోందని చెప్పు."

షహనాజ్ నా భుజం పట్టుకుంది. నేను కళ్లు తుడుచుకుని, దాని పేరులోని అక్షరాలను పాస్‌పోర్టుతో మరొక్కసారి సరిచూసి, టిక్కెట్టు ఖాయం చేశాను.